సెలవు పెట్టకుండానే మొదలుపెట్టొచ్చు

శాలిహుండం కొండ ఎక్కి దిగాకో, ఎవరో ఇచ్చిన అంబేడ్కర్ పుస్తకం నాలుగు పేజీలు తిరగేశాకో "బౌద్ధం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు పలాస, టెక్కలి వైపు తగులుతూనే ఉంటారు. టీచర్లు, రైల్వేవాళ్లు, జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాళ్లు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కుర్రాళ్లు. అడిగిన మరుక్షణం వాళ్లే ఇంకో మాట కలుపుతారు. పది రోజుల ధ్యాన శిబిరానికి సెలవు ఎవరిస్తారు బావూ, మతం మారుతున్నావా అని ఇంట్లో గొడవ చేస్తే ఎలా అని. అక్కడితో ఆ సంగతి అటకెక్కుతుంది.

ఈ వరస తలకిందులుగా ఉంది. శిబిరం, దీక్ష చివర్న చూసుకోవాల్సినవి. పని చేసుకుని బతికే మనిషికి బుద్ధుడు చెప్పిన మొదటి పాఠం ఆ పని గురించే.

అంగుత్తర నికాయంలో దీఘజాణు అనే గృహస్థు కనిపిస్తాడు. కోలియ తెగవాడు. మేం పెళ్లాం పిల్లలతో ఇరుకు ఇళ్లలో పడుకునేవాళ్లం, గంధం పూసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, డబ్బు ముట్టుకుంటాం, మాలాంటివాళ్లకు పనికొచ్చేది ఏదైనా ఉంటే చెప్పమని దాపరికం లేకుండా అడిగాడు. ఇల్లు వదిలి రమ్మని బుద్ధుడు అనలేదు. నాలుగు విషయాలు చెప్పాడు: చేసే పని ఏదైనా దాని లోతు తెలుసుకుని ఒళ్లు వంచి చేయడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచివాళ్లతో స్నేహం, రాబడికి తగ్గ ఖర్చు. ఆ తర్వాతే శ్రద్ధ, శీలం, దానం, ప్రజ్ఞ గురించి మాట్లాడాడు. ముందు బతుకు, తర్వాత పరలోకం.

రెండో విషయం దగ్గర మన ప్రాంతం వాళ్లు కాసేపు ఆగాలి. సొత్తు దేనివల్ల పోతుందో కూడా ఆ సూత్రంలో ఉంది: రాజు, దొంగ, నిప్పు, నీరు, ఇష్టంలేని వారసులు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. తాతలు నాటిన తోట ఒక్క పూటలో పోయింది. అంత దెబ్బ తిన్న ఊళ్లలో కూడా జీతంలోంచి పీఎఫ్ కోస్తున్నారో లేదో ఎప్పుడూ చూసుకోని కార్మికులు, ఈఎస్ఐ కార్డు అడగడానికి మొహమాటపడేవాళ్లు ఉన్నారు. ధ్యానం నేర్చుకోవడానికి ముందు యూఏఎన్ నంబరు కనుక్కుని పాస్‌బుక్ తెరిచి చూడండి. ఇది వేళాకోళం కాదు. దీఘజాణుకు చెప్పిన నాలుగింట్లో రెండోది ఇదే.

పని పాఠం ఇంతటితో అయిపోలేదు. సిగాలోవాద సుత్తం అని ఇంకొకటుంది. రాజగృహంలో సిగాలుడనే కుర్రాడు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకూ దండం పెడుతుంటే, బుద్ధుడు ఆ దిక్కుల స్థానంలో మనుషులను నిలబెట్టాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, అలా తిరిగి అడుగు దిక్కు పనివాళ్లు. యజమాని చేయాల్సినవి ఐదు: బలాన్ని బట్టి పని అప్పగించడం, కూలీ తిండీ ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి వంటకం దొరికితే పంచుకోవడం, వేళకు సెలవివ్వడం. పనివాడు చేయాల్సినవీ ఐదే: ముందు లేవడం, తర్వాత పడుకోవడం, ఇచ్చిందే తీసుకోవడం, పని శుభ్రంగా చేయడం, యజమాని మంచిపేరు నిలపడం. రెండో ఐదింటిని గోడకు అంటించి మొదటి ఐదింటిని మింగేసే యజమానులుంటారు, జాగ్రత్త. ఎవరైనా మీకు బుద్ధుడి పేరుతో ఓర్పు నేర్పుతుంటే, జబ్బు చేసినప్పుడు జీతం కోస్తున్నారా అని అడగండి.

ఇక పని జరిగే చోటికే వద్దాం. పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో కటింగ్ దగ్గర కూర్చున్న మనిషిని చూడండి. పిక్క చిప్పలోని జీడి చేతికి అంటితే చర్మం బొబ్బలెక్కుతుంది, రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. అందుకని చేతులకు నూనె రాసుకుని కూర్చుంటుంది. పిక్క పెట్టడం, కోత వేయడం, పప్పు విరగకుండా తీయడం. పీలింగ్ దగ్గరైతే చిన్న కత్తితో పొర గీకడం. గుండు బద్దయితే ధర పడిపోతుంది. కూలీ కిలోల లెక్కన. అలాంటి మనిషికి "రోజూ ఉదయం గంటసేపు పద్మాసనంలో కూర్చో" అని చెప్పడం అన్యాయం. ఆవిడ నాలుగింటికే లేచి నీళ్లు పట్టి వంట చేసి వచ్చింది.

అయితే సతిపట్ఠాన సుత్తం అడిగేది పద్మాసనం ఒక్కటే కాదు. నడవడం, నిలబడటం, కూర్చోవడం, చెయ్యి ముడవడం, చాపడం, తినడం, తాగడం, ఆఖరికి దొడ్డికి వెళ్లడం కూడా ఎరుకతో చేయమంటుంది. చెయ్యి ముడిచి చాపే పని ఆ కటింగ్ దగ్గర రోజుకు వేలసార్లు జరుగుతుంది. అందులో పది కోతలు, పదంటే పదే, పూర్తిగా చేతి మీద ధ్యాస పెట్టి చేసి, ఆ సమయంలో మనసు ఎటు పోయిందో చూసుకుంటే అది సాధనే. మేస్త్రీ మీద కోపం కనిపిస్తుంది, కొడుకు ఫీజు కనిపిస్తుంది. కనిపించనివ్వండి. ఇలా చేస్తే ఉత్పత్తి పెరుగుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మొద్దు. ఇది యజమాని లాభం కోసం పెట్టింది కాదు.

కూర్చోగలిగినవాళ్లు ఆనాపానంతో మొదలుపెట్టొచ్చు. ముక్కు దగ్గర వచ్చే శ్వాస, పోయే శ్వాస. ప్రాణాయామంలా బిగించక్కర్లేదు, లెక్కలు కట్టక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు. దానంతటది నడుస్తున్న ఊపిరిని గమనించడం, మనసు జారితే విసుక్కోకుండా మళ్లీ తీసుకురావడం. పది నిమిషాలు చాలు. రన్నింగ్ రూంలో పడుకునే ముందు లోకో పైలట్‌కు కుదురుతుంది, పిల్లలు రాకముందు స్టాఫ్ రూంలో టీచరుకు కుదురుతుంది. డ్యూటీలో కళ్లు మూసుకునే సాధన మాత్రం వద్దు. సిగ్నల్ దగ్గర, కోత మిషన్ దగ్గర, క్వారీలో క్రేన్ కింద కళ్లు తెరిచి ఉండటమే అప్పటి ధ్యానం.

ఆసుపత్రిలో తోడుగా కూర్చునేవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానంలో ఇది ఎవరికో వచ్చే కష్టం కాదు. డయాలసిస్ ఒక్కో విడత సుమారు 4 గంటలు, వారానికి రెండు మూడుసార్లు. కవిటి, సోంపేట, పలాస ఎక్కడైనా ఆ వరండాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది పనికి సెలవు పెట్టి వచ్చినవాళ్లే. వినయ పిటకంలో ఒక ఘట్టం ఉంది. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి స్వయంగా కడిగి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి చేయాలన్నాడు బుద్ధుడు. మంచి సేవకుడి లక్షణాలూ అక్కడే చెప్పాడు: మందు సిద్ధం చేయగలగడం, ఏది పడుతుందో ఏది పడదో తెలిసి ఉండటం, లాభం కోసం కాకుండా ప్రేమతో చేయడం, వాంతి ఉచ్చలను చూసి మొహం తిప్పుకోకపోవడం, నాలుగు మంచి మాటలతో రోగిని తేలికపరచడం.

అందులో రెండోది మన దగ్గర ఎంత కష్టమో చూడండి. చుట్టూ కొబ్బరి తోటలే. కిడ్నీ పాడైన మనిషికి కొబ్బరినీళ్లు ఇవ్వకూడదు, పొటాషియం ఎక్కువ. దాహమేస్తోందని అడిగినా నీళ్లు కొలిచి ఇవ్వాలి. పుట్టినప్పటి నుంచీ బోండాం కొట్టుకు తాగిన నాన్నకు అది వద్దని రోజూ చెప్పడం, చెప్పేటప్పుడు గొంతు పెరగకుండా చూసుకోవడం, ఏ ఆశ్రమంలోనూ దొరకని సాధన. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ధ్యానం క్రియాటినిన్‌ను తగ్గించదు. అలా చెప్పేవాళ్ల దగ్గరికి రోగిని తీసుకెళ్లొద్దు, వాళ్లకు డబ్బు ఇవ్వొద్దు, డయాలసిస్ ఒక్క విడత కూడా మాన్పించొద్దు.

పంచశీలం గురించి చాలామంది భయపడతారు, ఆజ్ఞలనుకుని. పాళీలో వాటిని శిక్షాపదాలంటారు, అంటే నేర్చుకునే మెట్లు. ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, కామంలో తప్పు నడవకపోవడం, అబద్ధం ఆడకపోవడం, మత్తు ముట్టకపోవడం. ఉద్యోగులకు రెండోదీ నాలుగోదీ అసలు పరీక్ష. ఫైలు కదలడానికి తీసుకునే "టీ ఖర్చు" ఇవ్వనిది తీసుకోవడమే, ఇచ్చినవాడు నవ్వుతూ ఇచ్చినా సరే. 80 కిలోల పిక్కల బస్తా తూకంలో కిలో నొక్కేసే వ్యాపారి, పప్పు కొంగున కట్టుకునే కూలీ ఇద్దరూ దీని కిందికే వస్తారు, కానీ ఇద్దరి అవసరమూ ఒకటి కాదని నాకూ తెలుసు. రాని మనిషి పేరు మస్టర్‌లో వేయడం, వెళ్లని ఊరికి టీఏ బిల్లు పెట్టడం నాలుగోదానికి. ఒక నెలపాటు మీరు సంతకం పెట్టే కాగితాల మీద మాత్రమే ఈ శీలం పాటించి చూడండి. ఆఫీసులో కొంచెం ఇబ్బంది పడతారు, పడాల్సిందే. మూడోది ఏడాదికి పది నెలలు వెల్డింగ్ పనులకనో, వెరావల్ పడవల మీదకనో ఇల్లు వదిలి వెళ్లేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఐదోదాని గురించి జీతాల రోజు సాయంత్రం ఇంట్లోవాళ్లను అడగండి, వాళ్లే చెబుతారు.

మొదటి శీలం దగ్గర భావనపాడులోనో మంచినీళ్లపేటలోనో ఉన్న వేటగాడు అడిగే ప్రశ్నకు దాటవేసే జవాబు ఇవ్వకూడదు. "చేపలు పట్టకపోతే తినేదేటి?" బుద్ధుడు గృహస్థుకు వద్దన్న వ్యాపారాల్లో ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం ఉన్నాయి. సూత్రం మాట అది, దాన్ని మెత్తబరచలేం. అయినా శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్ తీరాల్లో తరతరాలుగా వేట మీద బతుకుతూనే బౌద్ధులుగా ఉన్నవాళ్లున్నారు. వాళ్లలో కొందరు మిగతా నాలుగూ పట్టుకుని, పౌర్ణమి, అమావాస్య ఉపోసథ రోజుల్లో పడవ దించకుండా, పిల్లలను వేరే పనికి చదివిస్తూ నడిచారు. మనవాళ్లకు ఇంకో వీలుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవల వేట నిషేధం. బుద్ధుడు పుట్టిన, జ్ఞానం పొందిన, గతించిన రోజుగా చెప్పే వైశాఖ పౌర్ణమి ఏటా ఆ 61 రోజుల్లోనే పడుతుంది. మొదటి శీలాన్ని పూర్తిగా పాటించి చూడాలనుకునే మత్స్యకారుడు ఆ రోజుల్లో మొదలుపెట్టొచ్చు. తిరిగి వేటకు వెళితే శీలం తప్పినట్టు కుమిలిపోవాల్సిన పని లేదు. మళ్లీ ఏడాది ఇంకో మెట్టు.

కింద పనివాళ్లున్న అధికారులకు పాఠం ఒడిశాలో, గంజాం జిల్లా జౌగడలో రాతి మీద ఉంది. పలాసలో రైలెక్కి బరంపురంలో దిగితే అక్కడి నుంచి సుమారు 35 కిలోమీటర్లు, ఋషికుల్యా నది వైపు. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు సమాపా నగరంలోని మహామాత్రులకు, అంటే తన ఉద్యోగులకు, రాయించిన ప్రత్యేక శాసనాలు అక్కడివి. అందులో ఆయన ఉద్యోగి పని చెడగొట్టే గుణాలు వరసగా చెప్పాడు: అసూయ, చిరాకు, కాఠిన్యం, తొందర, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. కారణం లేకుండా మనిషిని బంధించడం, వేధించడం జరగకూడదన్నాడు. ఈ గుణాలకు దూరంగా ఉండటానికి మూలం కోపం, తొందర లేకపోవడమేనట. శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున చదివి వినిపించాలని, వినేవాడు ఒక్కడే ఉన్నా చదవొచ్చని కూడా రాయించాడు. తిష్యమంటే మన పుష్యమి. గోడకున్న క్యాలెండర్లో పుష్యమి 27 రోజులకోసారి వస్తుంది. ఆ రోజు ఆ ఏడు గుణాలను ఒక చీటీ మీద రాసుకుని, గడిచిన నెలలో ఏ మనిషి మీద ఏది చూపించామో ఎదురుగా రాసుకోవడం తహసీల్దారుకైనా, హెడ్మాస్టరుకైనా, సూపర్‌వైజరుకైనా పనికొస్తుంది. రాశాక చింపేయండి, ఎవరూ చూడక్కర్లేదు.

జౌగడ వెళ్లలేకపోతే శాలిహుండం దగ్గరే. టెక్కలి నుంచి నరసన్నపేట మీదుగా, గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డు మీది కొండ. 1919లో దాన్ని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులే. వ్యావహారిక భాష కోసం పోరాడి, సవర భాషకు నిఘంటువు రాసిన మనిషి ఆ కొండ మీది శిథిలాలను గుర్తుపట్టాడు. ధర్మాన్ని ఎవరి భాషలో వాళ్లు నేర్చుకోవచ్చని బుద్ధుడూ భిక్షువులకు చెప్పాడు కాబట్టి, పాళీ రాదని ఆగాల్సిన పనేమీ లేదు. కొండ మీద స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు కనిపిస్తాయి. తార, మారీచి విగ్రహాలు కూడా అక్కడ దొరికాయి. అంటే మన తీరంలో ఒకప్పుడు థేరవాదం మాత్రమే కాదు, ఇప్పుడు టిబెట్ బౌద్ధమని మనం అనుకునేది కూడా నడిచింది. ఆ సంగతి తెలిసి వెళితే గజపతి జిల్లా జిరంగలోని పద్మసంభవ మహావిహారం పరాయిదిగా అనిపించదు. 1963 నుంచి చంద్రగిరి చుట్టూ స్థిరపడ్డ టిబెట్ శరణార్థులు కట్టుకున్నదది, 2010లో దలైలామా ప్రారంభించారు. మనవాళ్లు పిక్నిక్‌కు వెళ్లి సెల్ఫీలు దిగి వస్తున్నారు. వెళ్లినప్పుడు పూజ జరుగుతుంటే వెనకాల ఒక పావుగంట కదలకుండా కూర్చుని రండి.

చదువుకోవడానికి మూడు చాలు మొదటి ఏడాది. 423 గాథల ధమ్మపదం తెలుగులో రకరకాల అనువాదాల్లో దొరుకుతుంది, రోజుకు ఒకటి. 1957లో అచ్చయిన అంబేడ్కర్ "బుద్ధుడు, అతని ధమ్మం". పైన చెప్పిన సిగాలోవాద సుత్తం. యూట్యూబు ప్రవచనాలు తర్వాత వినొచ్చు. కాలాములనే ప్రజలకు బుద్ధుడు చెప్పిన మాట గుర్తుంచుకుని వినండి: సంప్రదాయమనో, గ్రంథంలో ఉందనో, చెప్పినవాడు గురువనో ఒప్పుకోవద్దని, అది లోభాన్ని, ద్వేషాన్ని, మోహాన్ని పెంచుతుందో తగ్గిస్తుందో మీరే చూడమని ఆయన అన్నాడు.

ఒక్కరే చేస్తే మూడు వారాల్లో జావగారిపోతుంది. ఇద్దరు ముగ్గురు తోడు చూసుకోండి. పౌర్ణమి, అమావాస్య ఉపోసథ రోజులు. డ్యూటీ దిగాక ఆ సాయంత్రం ఒకరింట్లో కూర్చుని ఒక పేజీ చదివి, పది నిమిషాలు మౌనంగా ఉంటే సరిపోతుంది. ఉపోసథం రోజున మధ్యాహ్నం తర్వాత తినకూడదనే నియమం కూలిపని చేసేవాళ్లకు, షుగరు, కిడ్నీ మనుషులకు కాదు. మధ్యలో మానేసినా బెంగ వద్దు. ఎర్రగుడిలో ఉన్న లఘు శిలాశాసనంలో అశోకుడే చెప్పుకున్నాడు, ఉపాసకుణ్ణయ్యాక మొదటి ఏడాది నేను పెద్దగా ప్రయత్నం చేయలేదని.

ఇలా ఆరు నెలలు నడిచాక శిబిరం సంగతి ఆలోచించవచ్చు. గోయెంకా పద్ధతి విపశ్యన శిబిరాలకు రుసుం లేదు, తిండికీ బసకూ కూడా. పూర్తయ్యాక ఇష్టముంటే దానం. మనకు రైలు దారిలో తేలికైనది ఏలూరు దగ్గర విజయరాయిలోని ధమ్మ విజయ. హైదరాబాద్‌లో ధమ్మ ఖేత్త ఉంది. పది రోజులంటారు గానీ ముందురోజు సాయంత్రానికి చేరాలి, పదకొండో రోజు పొద్దున బయటికి వస్తారు. ప్రయాణంతో కలిపి రెండు వారాలు లెక్కేసుకోండి. క్యాజువల్ లీవులతో తేలదు, ఈఎల్ పెట్టాలి, సెలవు మంజూరయ్యాకే టికెట్ తీసుకోండి. ఫోను ఇచ్చేయాలి, పొద్దున్న నాలుగింటికి గంట కొడతారు, తొమ్మిది రోజులు మౌనం. ఇంట్లో డయాలసిస్ మనిషి ఉంటే తోడెవరో ముందు తేల్చుకోండి. మీకే కిడ్నీ జబ్బు గానీ, మానసిక వైద్యం గానీ నడుస్తుంటే దరఖాస్తులో దాచొద్దు. రోజుకూలీ అయితే కనీసం పన్నెండు రోజుల కూలీ పోతుంది, అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు.

మిగిలింది దీక్ష. నేర్చుకోవడానికి, సాధన చేయడానికి మతం మారక్కర్లేదు. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞలతో దీక్ష తీసుకోవాలనుకుంటే, పాత దేవుళ్లను పూజించననే మాట వాటిలో స్పష్టంగా ఉంది. గ్రామదేవత సంబరంలో పెద్దరికం మోసే ఇంటివాళ్లు ముందే మాట్లాడుకోవాలి. రిజర్వేషన్ పోతుందని షెడ్యూల్డ్ కులాలవారు భయపడాల్సిన పని లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును 1990లో సవరించి బౌద్ధులను కూడా చేర్చారు. ఉద్యోగ దరఖాస్తులో, సర్వీసు రిజిస్టరులో, కుల ధ్రువపత్రంలో మతం గడి ఒకేలా ఉండేట్టు చూసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మార్చబోతే తిప్పలు, కాబట్టి ఆ కాగితం పని అంతకు ముందే తహసీల్దారు కార్యాలయంలో పూర్తి చేయించుకోండి.